విశాఖ నుంచి మంచు వాలుకు: మొదటి స్కీ యాత్రలో ఎక్కవలసిన మెట్లు

విశాఖపట్నం నుంచి స్కీయింగ్‌కు వెళ్లి వచ్చినవారిని పలకరిస్తే, చాలామంది ముందుగా చెప్పేది ఎంత ఎత్తుకు వెళ్లామన్న సంగతే. గుల్మార్గ్ గండోలాలో రెండో దశ దాకా ఎక్కామని, అక్కడ అద్దె కోటు వేసుకుని ఫొటో దిగామని చెబుతారు. అక్కడికి చేర్చింది తీగ మీద నడిచే పెట్టె గనుక, ఆ ఎత్తును స్కీయింగ్ ఖాతాలో వేసుకోవడానికి లేదు. మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలైన స్కీల మీద నిలబడిన మనిషి మొదట సాధించవలసినది ఆగడం, అంటే తాను అనుకున్న చోట, అనుకున్న క్షణంలో, ఎవరూ పట్టుకోకుండా ఆగగలగడం. మిగిలిన సాహసాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే మొదటి యాత్రకు లక్ష్యాలు పెట్టుకునేటప్పుడు వాటిని మీటర్లలో కాకుండా నైపుణ్యాల వరుసలో రాసుకోవడం మంచిది. ఆ వరుసను, దానికి ముందు మన ఊళ్లో చేసుకోవలసిన ఏర్పాట్లను ఇక్కడ వివరిస్తున్నాను.

ఎప్పుడు, ఎక్కడికి

మన సెలవుల లెక్క సంక్రాంతి చుట్టూ తిరుగుతుంది గనుక చాలా కుటుంబాలు జనవరి రెండో వారానికే టికెట్లు తీసుకుంటాయి. కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి దాదాపు జనవరి నెలాఖరు వరకు సాగే నలభై రోజుల గడ్డు చలిని చిల్లై కలాన్ అంటారు గానీ, చలి ఉన్నంత మాత్రాన మంచు ఉంటుందన్న హామీ లేదు. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడులు తేమను మోసుకొస్తేనే హిమాలయాల్లో మంచు కురుస్తుంది. 2024 జనవరిలో అవి ముఖం చాటేయడంతో గుల్మార్గ్ వాలులు వారాల తరబడి గోధుమరంగు గడ్డితోనే మిగిలిపోయాయి. జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపు వెళ్లగలిగితే మంచు దొరికే అవకాశం ఎక్కువ. పిల్లల పరీక్షలు అడ్డు వచ్చి సంక్రాంతికే వెళ్లవలసి వస్తే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే గదులనే తీసుకోవాలి.

నేర్చుకునేవారికి మన దేశంలో ప్రధానంగా మూడు చోట్లున్నాయి. ఉత్తరాఖండ్‌లో జోషిమఠ్‌కు ఎగువన ఉన్న ఔలి వాలులు సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య పరుచుకుని ఉంటాయి. అక్కడ నిలబడితే 7,816 మీటర్ల నందాదేవి ఎదురుగా కనబడుతుంది. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగిన తర్వాత అక్కడి రోప్‌వే ఆగిపోయింది గనుక రోడ్డు ప్రయాణాన్ని లెక్కలో పెట్టుకునే బయలుదేరాలి. కాశ్మీరులోని గుల్మార్గ్ గ్రామం దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గండోలా మొదటి దశ కొంగ్‌దూరి వరకు, రెండో దశ అఫర్వత్ పర్వతం మీద 3,900 మీటర్లు దాటి వెళుతుంది. మనాలి దగ్గరి సోలాంగ్ లోయ కుటుంబంతో కలిసి ఒకటి రెండు రోజులు రుచి చూడడానికి సరిపోతుంది గానీ, అక్కడ రద్దీ ఎక్కువ. వారం పాటు కుదురుగా నేర్చుకోవాలనుకునేవారికి నేను దానిని సూచించను.

శిక్షకుణ్ణి గంటల లెక్కన మాట్లాడుకోవడం కంటే కోర్సులో చేరడం అన్ని విధాలా మేలు. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్, గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరిట ఉన్న పర్వతారోహణ సంస్థ ఇలాంటి కోర్సులు నడుపుతాయి. సీట్లు పరిమితం గనుక దసరా నాటికే తేదీలు కనుక్కోవాలి. వాలు దగ్గర చేయి పట్టుకుని ‘పది నిమిషాల్లో నేర్పిస్తాను సార్’ అనేవారు మిమ్మల్ని పట్టుకుని దించుతారు, ఫొటో తీస్తారు, అంతకు మించి ఏమీ నేర్పరు.

దారి విషయానికి వస్తే, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి అక్కడి నుంచి ఋషికేశ్ మీదుగా జోషిమఠ్ వెళ్లవచ్చు. ఋషికేశ్ తర్వాత దాదాపు 250 కిలోమీటర్ల కొండదారికి పగలంతా పడుతుంది. గుల్మార్గ్‌కు శ్రీనగర్ దాకా విమానంలో వెళ్లి, అక్కడి నుంచి యాభై పైచిలుకు కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. మంచు ఎక్కువగా కురిసిన రోజు టంగ్‌మార్గ్ దగ్గర దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కవలసి ఉంటుంది. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కాశ్మీరులో పనిచేయదు గనుక కనీసం ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండాలి.

విశాఖలోనే చేయవలసిన సాధన

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవారికి ఓపిక గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే స్కీకి కావలసిన బలం వేరు. వాలు దిగుతున్నంతసేపు మోకాళ్లు వంచి, తొడ కండరాల మీద బరువు మోస్తూ, కుదుపులను వాటితోనే అదుపు చేస్తూ ఉండాలి. ఆ కండరాలు ఎక్కడంలో కంటే దిగడంలో బాగా పదునెక్కుతాయి. అందువల్ల కైలాసగిరి మెట్లయినా, సింహాచలం మెట్ల దారి అయినా ఎక్కేటప్పుడు తొందరపడినా, దిగేటప్పుడు నెమ్మదిగా, ప్రతి మెట్టు మీద మోకాలిని కొద్దిగా వంచి నిలిపి దిగాలి. వారానికి మూడు నాలుగు సార్లు చొప్పున రెండు నెలలు ఇలా చేస్తే, మూడో రోజున కాళ్లు వణికి గదిలో పడుకోవలసిన పరిస్థితి చాలావరకు తప్పుతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు దీనిని మొదలుపెట్టే ముందే వైద్యుణ్ణి అడగాలి.

ఇందులో మన ఊరికి ఒక అనుకూలత ఉంది. రోలర్ స్కేటింగ్‌కు విశాఖలో చాలా కాలంగా ఆదరణ ఉంది; బీచ్ రోడ్డులోని వుడా పార్కు రింక్‌లో పిల్లలు తెల్లవారకముందే చక్రాలు కట్టుకుని తిరుగుతూ కనబడతారు. ఒక వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లు నేర్చినవారికి, శరీరం బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మార్చి మలుపు తిరగడం అలవాటై ఉంటుంది. స్కీ మలుపులోనూ అదే సూత్రం పనిచేస్తుంది. పెద్దలు పిల్లల మధ్య స్కేట్లు కట్టుకోవడానికి మొహమాటపడతారు గానీ, మంచు మీద పడబోయే మొహమాటంతో పోల్చుకుంటే ఇది లెక్కలోకి రాదు.

దుస్తులు, బూట్లు

లంబసింగి చలికి సరిపోయిన స్వెట్టర్ ఇక్కడ పనికిరాదు. గుల్మార్గ్‌లో జనవరి రాత్రులు సున్నాకు పది డిగ్రీల దిగువకు పోవడం మామూలే. అలాగని మందపాటి కోటు ఒక్కటే వేసుకున్నా చాలదు. ఒంటికి అంటుకుని ఉండే ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు జాకెట్, పైన గాలిని, తడిని ఆపే జాకెట్, ఇలా మూడు పొరలు ఉండాలి. నూలు బనియన్ చెమట పీల్చుకుని తడిగానే ఉండి ఒంటిని చల్లబరుస్తుంది గనుక దానిని ఇంట్లోనే వదిలి వెళ్లాలి. మంచు మీద పడిన ఎండలో అధిక భాగం తిరిగి పైకి కొడుతుంది. అతినీలలోహిత కిరణాలు ఎత్తుతోపాటు పెరుగుతాయి. నల్లద్దాలు గానీ గాగుల్స్ గానీ లేకుండా రోజంతా గడిపితే రాత్రికి కళ్లు మండి నీరు కారతాయి. సన్‌స్క్రీన్ ముక్కు కిందా, గడ్డం కిందా కూడా రాసుకోవాలి.

బూట్ల సంగతి మాత్రం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మొదటి రోజు పాడయ్యేది ఎక్కువగా వీటి వల్లే. అద్దె దుకాణంలో మీ చెప్పుల సైజు చెప్పకండి. పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిపించండి. కాలికి ఒకే ఒక పొడవాటి మేజోడు వేసుకోవాలి. చలికి భయపడి రెండు జతలు వేసుకుంటే రక్తప్రసరణ తగ్గి వేళ్లు ఇంకా చల్లబడతాయి, పైగా మడతల దగ్గర బొబ్బలు వస్తాయి. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటు లోపలికి పోకూడదు. కాలు పెట్టిన తర్వాత మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి జరిపి, ముందుగా చీలమండ దగ్గరి బకిల్, తర్వాత పైవి, చివరగా వేళ్ల వైపువి బిగించాలి. నిటారుగా నిలబడినప్పుడు వేళ్ల కొసలు బూటు ముందు భాగాన్ని తాకాలి. మోకాళ్లు వంచి మోకాలి కింది ముందువైపు ఎముకను బూటు నాలుకకేసి నొక్కినప్పుడు ఆ వేళ్లు కాస్త వెనక్కి రావాలి. అలా వంగినప్పుడు మడమ పైకి లేస్తే ఆ బూటు పెద్దదన్నమాట. దుకాణం అబ్బాయి ‘ఇదే సరిపోతుంది’ అని తొందరపెట్టినా ఒప్పుకోకుండా ఇంకొకటి అడగాలి. స్కీ పొడవు కొత్తవారికి గడ్డం ఎత్తు వరకు ఉంటే చాలు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ పడినప్పుడు విడిపోవాలి గనుక, దాని బిగువును మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు అడిగి తెలుసుకుని సరిచేస్తున్నారో లేదో దగ్గరుండి చూడండి. హెల్మెట్ లేకుండా బయలుదేరవద్దు.

ఎత్తుకు అలవాటు పడడం

సముద్ర మట్టం నుంచి ఒక్క రోజులో 2,600 మీటర్లకు చేరుతున్నామన్న సంగతి విమానంలో కూర్చున్నవారికి తట్టదు. చేరిన రోజు స్కీ ముట్టకుండా, నీళ్లు ఎక్కువగా తాగుతూ, మద్యం జోలికి పోకుండా విశ్రాంతి తీసుకోవాలి. తలనొప్పితోపాటు వాంతులు, తూలడం కనబడితే పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. ప్రయాణ బీమాలో మంచు క్రీడలకు వర్తింపు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

మైలురాళ్ల వరుస

మొదటి మెట్టు చదునైన చోట ఒకే స్కీ కట్టుకుని నడవడం. తర్వాత కాలు మార్చడం, ఆ తర్వాత రెండూ కట్టుకుని పోల్స్ అనే చేతికర్రల సాయంతో జారడం, వాలుకు అడ్డంగా నిలబడి మెట్టు మెట్టుగా పక్కకు ఎక్కడం వస్తాయి. ఇందులో ఫొటోకు పనికివచ్చేది ఏమీ లేదు గనుక అందరూ దీనిని దాటేయాలని చూస్తారు. ఇదే రోజున పడడం, లేవడం కూడా నేర్చుకోవాలి. పడక తప్పదనిపించినప్పుడు పక్కకు, వాలు పై వైపుకు ఒరగాలి. జారుతూ ఉండగానే లేవడానికి ప్రయత్నిస్తే మోకాలి లోపలి లిగమెంట్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. పూర్తిగా ఆగిన తర్వాతే లేవాలి. లేవడానికి ముందు రెండు స్కీలనూ శరీరానికి దిగువన, వాలుకు అడ్డంగా పెట్టుకోవాలి. స్కీ కొసలు కిందికి చూస్తూ ఉండగా లేచినవారు లేచిన క్షణంలోనే మళ్లీ జారతారు.

రెండో మెట్టు ఆగడం. దీనికి స్నోప్లో అనే పద్ధతి ఉంది. స్కీల ముందు కొసలను దగ్గరగా ఉంచి, మడమలను వెడల్పుగా తోసి, రెండింటి లోపలి అంచులను మంచులోకి నొక్కాలి. కోణం ఎంత విప్పితే అంత నిరోధం పుడుతుంది. చెప్పడానికి ఇంతే, కానీ భయం దీనిని చెడగొడుతుంది. వేగం పెరగగానే మనిషి శరీరం తనంతట తాను వెనక్కి వాలుతుంది. బరువు మడమల మీదికి పోవడంతో ముందు భాగాలకు పట్టు తప్పి స్కీలు ఇంకా వేగంగా పరుగెడతాయి. కాబట్టి భయం వేసిన క్షణంలోనే మోకాలి కింది ముందువైపు ఎముకలను బూటు ముందు భాగానికి నొక్కి, చేతులను మోకాళ్ల ముందుకు తేవాలి. శరీరం చెప్పినదానికి ఎదురు పోవడమే ఇక్కడ నేర్చుకోవలసిన విద్య.

దీనిని పరీక్షించుకునే పద్ధతి తేలిక. వాలు మీద కొంత కిందికి శిక్షకుడి చేత ఒక చేతి తొడుగు పెట్టించండి. పై నుంచి వదిలి, ఆ తొడుగు దాటకుండా, దానికి ఒక స్కీ దూరంలో ఆగాలి. మొదట దాని మీదుగానే పోతారు, తర్వాత మరీ ముందే ఆగిపోతారు. ఒకసారి తొడుగు పక్కన మంచు గరగరలాడుతూ రెండు స్కీలూ కదలకుండా నిలుస్తాయి. కిందికి చూస్తే వాటి అంచులు గీసిన రెండు గీతలు వెనక వెడల్పుగా, ముందు ఇరుకుగా కనబడతాయి. వరుసగా మూడుసార్లు అలా ఆగగలిగితే డైరీలో తేదీ వేసి రాసుకోవచ్చు. అప్పటివరకు వాలు పైకి చేర్చే లిఫ్ట్ ఎక్కవద్దని నా గట్టి సలహా.

మూడో మెట్టు మలుపు. స్నోప్లోలోనే ఉండి కుడి స్కీ మీద బరువు పెంచితే ఎడమకు, ఎడమ స్కీ మీద పెంచితే కుడికి తిరుగుతారు. దాదాపు అందరికీ ఒక వైపు మలుపు త్వరగా కుదురుతుంది, రెండో వైపుది మొండికేస్తుంది. కుదిరిన వైపే పదేపదే తిరిగి మురిసిపోకుండా రెండో వైపుకు ఎక్కువ సమయం ఇవ్వాలి. చూపు స్కీ కొసల మీద కాకుండా తిరగబోయే దిక్కున ఉండాలి.

నాలుగో మెట్టు లిఫ్ట్. తాడు లాగే డ్రాగ్ లిఫ్ట్‌లో దాని మీద కూర్చోవాలని చూస్తే పడిపోతారు; నిలబడే ఉండి, స్కీలు సమాంతరంగా పెట్టి లాగనివ్వాలి. పడితే పట్టుకుని వేలాడకుండా వదిలేసి, వెనక వచ్చేవారికి దారి ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. పైకి చేరాక, ఆగి నిలబడినవారు వాలు మధ్యలో కాకుండా అంచున నిలబడాలని, ముందు పోతున్నవారిని తప్పించుకునే బాధ్యత వెనక వచ్చేవారిదేనని గుర్తుంచుకుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రవర్తనా నియమాల్లోనూ ఇవి ఉన్నాయి.

వాలు పై నుంచి కింది వరకు మలుపులు కలుపుకుంటూ, పడకుండా దిగడం ఐదో మెట్టు. వారం రోజుల కోర్సులో ఎక్కువమంది పెద్దలు ఇక్కడికి చేరితే అది మంచి ఫలితమే. స్కీలను సమాంతరంగా ఉంచి తిరిగే ప్యారలల్ మలుపులు, కొంగ్‌దూరి దగ్గరి వాలులు సాధారణంగా రెండో యాత్రకు మిగులుతాయి. ఈలోగా ఆరేడేళ్ల స్థానిక పిల్లలు పోల్స్ కూడా లేకుండా మీ పక్కనుంచి దూసుకుపోతారు. వారితో పోల్చుకోవడం అనవసరం. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు, జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచిన ఆరిఫ్ ఖాన్ ఈ గుల్మార్గ్ వాలుల మీదే పెరిగాడు. 2018లో తుర్కియేలో కాంస్యం గెలిచి స్కీయింగ్‌లో దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ కూడా మనాలి ప్రాంతం పిల్లే. సముద్రం ఒడ్డున పెరిగిన నలభై ఏళ్ల మనిషికి తొడుగు పక్కన ఆగడం గొప్ప విషయమే, దానిని ఇంటికి ఫోను చేసి చెప్పుకోవచ్చు.

అఫర్వత్ విషయంలో

గండోలా రెండో దశ టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు, చూసి అదే పెట్టెలో దిగిరావచ్చు. స్కీ మీద దిగడం మాత్రం వేరే సంగతి. అక్కడ యంత్రాలతో చదును చేసిన బాటలుండవు. ఎక్కువ భాగం సహజమైన మంచు వాలులే. సాధారణంగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద పేరుకున్న మంచు పొర తెగి జారుతుంది, అదే హిమపాతం. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్‌పై వచ్చిన హిమపాతంలో పోలండ్ దేశానికి చెందిన ఇద్దరు స్కీయర్లు మరణించారు. మంచు కింద కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి పావుగంట దాటాక వేగంగా పడిపోతుంది గనుక, పైకి వెళ్లేవారిలో ప్రతి ఒక్కరి దగ్గరా సంకేతాలు పంపే, అందుకునే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కడ్డీ, పార ఉండాలి, వాటిని వాడడం వచ్చి ఉండాలి, ఆ రోజు హిమపాత హెచ్చరిక తెలిసిన గైడ్ వెంట ఉండాలి. సామగ్రి, దాన్ని వాడే నేర్పు, గైడ్, ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా కొంగ్‌దూరి దగ్గరే ఆగిపోవాలి. కొత్త మంచు భారీగా కురిసిన మర్నాడు, గాలి తీవ్రంగా వీచిన తర్వాత వెళ్లకపోవడమే తెలివైన పని. డబ్బు కట్టేశామన్న బాధతోనూ, జట్టులో మిగిలినవాళ్లు ఏమనుకుంటారోనన్న మొహమాటంతోనూ పైకి వెళ్లేవారే ఎక్కువ. వాతావరణం చూసి వెనుదిరిగిన రోజును కూడా డైరీలో సాధనల జాబితాలోనే రాసుకోవాలని నా అభిప్రాయం.

డైరీలో ఏమి రాయాలి

ఏ వాలు మీద, ఎలాంటి మంచులో, ఏ మెట్టు దాకా వచ్చారో సాయంత్రం గదిలో కూర్చుని నాలుగు వాక్యాలు రాస్తే చాలు. చలికి ఫోను బ్యాటరీ త్వరగా పడిపోతుంది గనుక దాన్నే నమ్ముకోకుండా చిన్న పుస్తకం పెట్టుకోండి. ఫోనును లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా ఉంచండి. ఏ వైపు మలుపు కుదరలేదో, శిక్షకుడు ఏ తప్పును పదేపదే ఎత్తిచూపాడో తప్పక రాయాలి, ఎందుకంటే రింక్‌లో ఏడాది పొడవునా సరిచేసుకోవలసింది అదే. చివరి రోజు సామాను తిరిగి ఇచ్చే ముందు బూటు సెంటీమీటర్ల సైజు, దాని అడుగు మీద మిల్లీమీటర్లలో ముద్రించి ఉండే పొడవు, స్కీ పొడవు, బైండింగ్ మీద కనిపించే అంకె చూసి అదే పుస్తకంలో రాసుకోండి. బూటు మారినా, మీ బరువు మారినా ఆ అంకెను మళ్లీ సరిచూడవలసిందే గానీ, మరుసటి ఏడు దుకాణంలో మిగిలిన వివరాలు చూపిస్తే మొదటి ఉదయమంతా బూట్లు మార్చుకుంటూ కూర్చోవలసిన పని ఉండదు.